ఊక కప్పిన ఐసు

బామ్మర్ది సంపత్‌కు,

మిర్యాలగూడ నుంచి నీ బావ రాసేది. ఇక్కడ అందరం బాగున్నం, నువ్వు సూర్యాపేట నుంచి పంపిన ఐసు తప్ప.

ఫోన్ల చెప్తే నువ్వు నమ్మలేదు గాని, మా చర్చికొచ్చిన ముసలి దొర అరవై ఏండ్ల కింద ఒలింపిక్స్‌ల మంచు మీద హాకీ ఆడినోడే. ఇప్పుడు మా రైసుమిల్లు కల్లంల ఆడపిల్లలకు కోచ్. మంచు లేదని ఆరబోసిన వడ్ల మీదనే జారుడు నేర్పిండు. నీ మేనకోడలు అఖిల కశ్మీర్‌ల మంచు హాకీ క్యాంపుకు సెలెక్టయింది. మంగళవారం రైలు. పిల్ల ఇంతవరకు మంచు మీద కాలే పెట్టలేదు. అందుకే నీ ఐసు ఫ్యాక్టరీ దిమ్మెలు అడిగిన.

పొద్దుగాల దిమ్మెలన్నీ కల్లంల పక్కపక్కన పరిచి దొర కోసం పోయిన. వచ్చేసరికి మిల్లుల పనిచేసే చంద్రమ్మ వాటి మీద జానెడు ఊక కప్పింది.

"ఇదేందమ్మా?" అన్న.

"ఊక లేకుంటె ఐసు ఆగుతదా అన్నా? గీ మాత్రం తెల్వకుంట దొర కోచ్ ఎట్లయిండు?"

ఎంత ఊడ్చినా ఊక పోలేదు. అఖిల దొర ఇచ్చిన, అడుగున ఇనుప పట్టీలున్న బూట్లేసుకొని దిగి, వడ్ల బస్తాల మీద పడ్డది. దొర చప్పట్లు కొట్టి, పిల్లల దగ్గర నేర్చిన తెలుగుల, "పడుడు వచ్చింది, ఇగ లేసుడే" అన్నడు.

ఆదివారం ఇంకో లోడు పంపు. చంద్రమ్మను మీ అక్క సినిమాకు తీస్కపోతది. ఈసారి అఖిల చెయ్యి పట్టుకొని దొర తనే దిగుతడట.

"మోకాళ్లు ఖతమైనయని దవాఖానల చెప్పిండ్రు కద దొరా" అన్న.

"మోకాళ్లకు చెప్పకు" అన్నడు.

నీ బావ