బల్ల కాళ్లు నరికింది నేనే

మంగళవారం, అన్నాలు తిన్నంక

నా పేరు రాజవ్వ, డెబ్బై రెండేండ్లు. లక్సెట్టిపేటల కొడుకు మల్లేశు, కోడలు లచ్చవ్వ, మనుమరాలు స్వప్నతోని ఉంట. నేను చెప్తున్న, స్వప్న రాస్తుంది. రేపు పెద్దమనుషులను పిలుస్తనని మల్లేశు అన్నడు, అందుకే గిప్పుడే రాయిస్తున్న.

స్వప్న ఇంట్లనే కంప్యూటర్ నౌకరి చేస్తది. మంచం మీద వంగి కూసొని మెడ పట్టింది, వేళ్లు తిమ్మిరెక్కినయి. మోచేతుల ఎత్తుకు బల్ల, కండ్ల ఎదురుంగ తెర ఉండాల్నని డాక్టర్ చెప్పిండు. టేకు బల్ల ఉన్నది గాని మస్తు ఎత్తు, దాని మీద మల్లేశు టీవీ.

"నువ్వు నలభై ఏండ్లు కింద కూసొని బీడీలు చుట్టలేదా అవ్వా? సచ్చినవా?" బల్ల స్వప్నకియ్యిమంటె మల్లేశు అన్నడు.

"సావలే. నా మెడ లేస్తలేదు సూడు!" అన్న. అరికాలి మంట నెత్తికెక్కింది. టీవీని ఒక్క తోపు తోసిన, పలిగింది. స్వప్నను కుర్చీల కూసోవెట్టి, నేల నుంచి మోచెయ్యి దాక బీడీ దారంతోని కొలిచి, గొడ్డలితోని బల్ల కాళ్లు నరికిన. మల్లేశు నా మీదికి చెయ్యి లేపిండు.

"దించు! లేకుంటే గీ గొడ్డలి నీ చేతి మీదనే పడ్తది."

దించిండు. దించకుంటే నరుకుదునా? కన్న కొడుకు... ఏమో, గప్పుడైతే నరుకుదునేమో.

ఒక కాలు పొట్టిగైంది, కింద చెక్క పెట్టినం. బీడీలు చుట్టే తునికాకు పెట్టుకునే నా రేకు పెట్టెను తెర కింద పెట్టినం.

నా వేలిముద్ర గిది. సిరా అంటింది గాని గీతలు పడలే, బీడీలకే అరిగినయి. ఏడ్వకు స్వప్నా, పక్కన నీ వేలు పెట్టు. అది అరగద్దనే గీ లొల్లి.

సాక్షులు: కోడలు లచ్చవ్వ, రాసిన స్వప్న. మల్లేశు సంతకం పెట్టనన్నడు.