ఎడమకు ఒరిగిన గదవ

స్వప్న బాపూ,

ఈరోజు పెత్రమాస, పెద్దలకు పెట్టుకునే రోజు. నీ ఫొటో ముందు మక్క గారెలు పెట్టాను. నువ్వు వినలేవని తెలిసినా నీకొక సంగతి చెప్పాలి.

మన స్వప్నకు నమిలితే దవడ నొప్పి. పైదవడ ఇరుకుగా ఉందని సుబేదారిలో పళ్ళ డాక్టరమ్మ అంగిట్లో దాన్ని మెల్లగా వెడల్పు చేసే చిన్న మర బిగించింది. ఇంట్లో ఆ మరను రోజూ తిప్పింది నేనే. ముప్పై దాటిన పిల్ల, ఎముక ఎక్కడ పగులుతుందోనని భయంభయంగానే తిప్పేదాన్ని. ముందరి పళ్ళ మధ్య సందు వచ్చిన రోజైతే నాకు అన్నం సయించలేదు.

"పైది వెడల్పయితాంది, మరి కింది దవడనేం జేస్తవ్ బిడ్డా?" అని డాక్టరమ్మను అడిగాను.

"అమ్మా, అడిగిందే అడుగుతవేందే!" అని స్వప్న విసుక్కుంది.

డాక్టరమ్మ నవ్వింది. "దాన్నేం జెయ్యం పెద్దమ్మా. పైన జాగ లేక అది ఇన్నేండ్లు ఎడమకు జరిగి కొరుకుతాంది. జాగ దొరికితే దానంతటదే నడుమకు వస్తది. ఫికర్ జెయ్యకు."

అట్లాగే వచ్చింది. నొప్పి కూడా తగ్గింది.

ఎడమకు ఒరిగిన ఆ గడ్డం, ఆ గదవ నీ పోలికే కదా. నువ్వు పోయినప్పటి నుంచి, స్వప్న తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. ఇవాళ గారెను రెండు దిక్కులా నమిలింది.

"అట్ల చూస్తానవేందమ్మా?"

"ఏం లేదు బిడ్డా, జర మెల్లగ తిను."

లేచి నీ ఫొటో అద్దం తుడిచాను. ఇక నిన్ను చూడాలంటే ఆ ఫొటో దగ్గరికే పోవాలి.