లోపలికి వంగిన నూలుపోగు

బావా,

పైకి కనిపించే పాపం పెద్దదా, కనిపించకుండా లోపలికి దూరేది పెద్దదా? టర్బైను ఇరుసు చుట్టూ సందు మూసే ముందువైపు సీలు దగ్గర ఆవిరి చిమ్ముతోందని, "పెద్దసారు చూస్తే మొహం చిట్లిస్తాడు బావా" అంటూ ముందూ వెనకా రెండు సీళ్లకూ వెళ్లే ఆవిరి వాల్వు తిప్పి తగ్గించేశావు. హాలు కడిగిన ముత్యంలా ఉంది. ఆ రోజు నుంచే, వాడిన ఆవిరి నీరయ్యే కండెన్సర్‌లో వాక్యూమ్ పడిపోతోంది. గొట్టాలన్నీ కడిగించినా లేవలేదు.

నిన్న నా షిఫ్టులో కర్ర చివర నూలుపోగు కట్టి వెనకవైపు సీలు దగ్గర పట్టాను. పోగు లోపలికి వంగింది. నాకు పట్టరాని నవ్వొచ్చింది. అక్కడ ఆవిరి చాలక బయటి గాలి దొంగలా కండెన్సర్‌లోకి దూరుతోంది. పైకి తెల్లగా, లోపల కుళ్లుగా ఉండే సున్నం కొట్టిన సమాధుల వాక్యం చర్చిలో నేను చెప్పినప్పుడల్లా నువ్వు వెనక బెంచీలో కునుకుతావు, అందుకే ఇలా అయింది.

రేపు యంత్రం ఆపి కండెన్సర్ విప్పుతారట. విప్పితే నీ సెలవు పోతుంది, నెలలు నిండిన నా చెల్లెలు ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లాలి. వాల్వు నేనే తిప్పేవాణ్ణి. కానీ దానికి ఎవరూ ముట్టొద్దని నువ్వు కట్టిన చీటీ వేలాడుతోంది, కట్టినవాడే విప్పాలన్నది మన పద్ధతి. పెద్దసారుతో నిజం చెప్పు. వెనకవైపు ఆవిరి సన్నగా కనిపించేదాకా తిప్పు, వాక్యూమ్ తప్పక లేస్తుంది. ముందువైపు సీలు సంగతి తర్వాత చూద్దాం. ఉత్తరం జేబులో పెట్టుకుని టీకి పోకు. ఈ పూటే వెళ్లి ఆ చీటీ విప్పు.