గాలిమరలు తూర్పుకు తిరిగిన రోజు

ఆగస్టు 3

ఆడిమాసపు గాలి. కళ్లలో దుమ్ము, సాంబారులో దుమ్ము. నేను పాఠాలు చెప్పే విరుదునగర్ నుంచి వచ్చి కోవిల్‌పట్టిలో బస్సు మారి ఊరు చేరేసరికి చీర రేగడి రంగుకు తిరిగింది. చేల అవతల గాలిమరలన్నీ పడమటికే మొహం పెట్టి ఉన్నాయి. జూన్ నుంచీ అంతే.

తెలుగు అక్షరాలు తాత నేర్పాడు. మా స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ ఇవి చదవడం రాదు. అందుకే ఇందులో ఉన్నదున్నట్టు రాస్తాను.

అళగమ్మాళ్ అత్త ఇవాళ నాటుపత్తి విత్తనాల కుండ దించి చూసింది. నాన్న చెల్లెలు. అన్ననూ నన్నూ పెంచింది ఆమే. ఆ విత్తనం మా అవ్వ చేతి నుంచి ఆమె చేతికి వచ్చింది, ఇంకెవరి దగ్గరా లేదు. రెండేళ్లుగా వాన ఎగ్గొట్టి, మిగిలింది రెండు పడుల కొలతే. ఒక పడి విత్తేది, ఒక పడి కుండలో ఉండేది అంది. మా ఇంటి కట్టడి అది. ఎంత కరువొచ్చినా విత్తనం కుండ ఖాళీ చేయకూడదు, బోర్లించకూడదు.

ఆగస్టు 19

నైన్త్ బి. ప్రెషర్ బెల్టులు. భూమధ్యరేఖ దగ్గర గాలి వేడెక్కి పైకి లేస్తుంది, అక్కడ లో ప్రెషర్. పైన రెండు వైపులకూ పోయి ముప్పై డిగ్రీల దగ్గర కిందికి దిగుతుంది, అక్కడ హై ప్రెషర్. పెద్ద ఎడారులు చాలావరకు ఆ వరసలోనే. హై నుంచి లో ప్రెషర్ వైపు గాలి పరిగెత్తుతుంది, భూమి తిరుగుతోంది కాబట్టి పక్కకు వంగుతుంది. ఎండాకాలంలో సూర్యుడి వెంట లో ప్రెషర్ బెల్టు ఉత్తరానికి జరిగి నైరుతి గాలిని లాగుతుంది. ఆ గాలి నీళ్లన్నీ పడమటి కనుమల అవతల కేరళలో కుమ్మరించి, మన దగ్గరికి వట్టి చేతులతో వస్తుంది.

మునీశ్వరి అనే పిల్ల లేచి, అయితే మనకెప్పుడు మిస్ అంది. క్లాసంతా నవ్వింది. సూర్యుడు భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోయాక గాలి తిరగబడి ఈశాన్యం నుంచి, బంగాళాఖాతం మీదుగా వస్తుందని చెప్పాను. దాటిన రోజే కాదు, సముద్రం కన్నా ముందు నేల చల్లారాలి, అక్టోబరు నడిమి దాటుతుంది అని కూడా చెప్పాను.

సెప్టెంబర్ 7

ఈ తడవ పత్తి రాకుంటే చేనంతా మక్కజొన్నే అన్నాడు గురుసామి అన్న. అత్త ఎదుటే అన్నాడు.

సెప్టెంబర్ 28, పొద్దున ఆరు

క్వార్టర్లీ సెలవులు. పళ్లు తోముకుంటూ మిద్దె ఎక్కి చూస్తే, దేవుడా! గాలిమరలన్నీ తూర్పుకు తిరిగి ఉన్నాయి!

సాయంత్రం

ఉరుములు, రెండంగుళాల వాన. ఫోన్‌లో విండ్ మ్యాప్ తీసి అత్తకూ అన్నకూ చూపించాను. బాణాలన్నీ సముద్రం నుంచి మనవైపే. సూర్యుడు దాటి అయిదు రోజులైంది, సీజన్ వచ్చేసింది అన్నాను.

అత్త వాకిట్లో నిలబడి మొహం గాలికి పెట్టింది. ఇది వాడై కాదే, దీంట్లో ఉక్క ఉండాది అంది. వాడై అంటే ఈశాన్యపు చలిగాలి, అది తగిలితే చెవి చల్లబడాల అంది. చెవితో వాన చూసే కాలం పోయింది అత్తా అన్నాను. నవ్వాను కూడా.

కుండలో పెట్టిన గింజ రెండేళ్లది, ఇంకో ఏడాదికి మొలకే రాదు, రెండు పడులూ వేసేద్దాం అన్నాను. అన్న నావైపే మాట్లాడాడు. నువ్వు చదివిన దానివి, నువ్వే చెప్పు అంది అత్త.

సెప్టెంబర్ 29

విత్తనాలు పేడనీళ్లలో రుద్ది, నూగు అణిగాక ఆరబెట్టి, మధ్యాహ్నానికి అర ఎకరంలో వేశాం. పిడికెడన్నా ఉంచుతానే అంది అత్త. పిడికెడుతో ఏం పండుతుంది అని నేనే కుండ దులిపాను. అడుగున అంటుకున్న గింజలు గోటితో గీకి మరీ తీశాను.

అక్టోబర్ 1

గాలిమరలు పడమటికి తిరిగాయి.

అక్టోబర్ 5

మొలిచాయి. సాలు సాలంతా ఆకుపచ్చ. అన్న సంతోషంతో టీ కొట్లో అందరికీ చెప్పొచ్చాడు. నాకు అన్నం సయించలేదు.

కన్యాకుమారి కింద సముద్రంలో ఒక చిన్న లో ప్రెషర్ పడింది. ఆ రెండు రోజులు తూర్పుగాలిని లాగింది అదే. అది అరేబియా వైపు జరిగిపోగానే పాత పడమటి గాలి మళ్లీ వచ్చింది. బెల్టు కదలనే లేదు. గాలిమరకు సీజన్ తెలుస్తుందా? ఏ గాలి వీస్తే దానికి మొహం తిప్పుతుంది. ఆ మాత్రం నాకు తెలియదా?

ఆగస్టు 19 పేజీ తీసి చూశాను. నా చేతిరాతే.

అక్టోబర్ 13

చదవేస్తే ఉన్న మతి పోయింది. ఆ మాట గురుసామి అన్న నోట రాకముందే నేనే అనేసుకున్నాను. నేల నెర్రెలు విచ్చింది. ఆకులు ముడుచుకుని, పట్టుకుంటే పొడి అవుతున్నాయి.

శని, ఆదివారాలు అత్తా నేనూ తాగే నీళ్లు చెంబులతో మోశాం. కుళాయి తొమ్మిది రోజులకోసారి, బోరు నీళ్లు ఉప్పు. ఇరవై మొక్కలకు మించి చాలలేదు. ఇరవై చాలులే, ఇరవై కాస్తే కుండకు సరిపోతాది అంది అత్త. ఆ మాటకు ఏడుపొచ్చింది. ఇవాళ లీవు పెట్టి ఉండిపోయాను.

అక్టోబర్ 18

నెమళ్లు. ఇరవైలో ఒక్కటీ లేదు. చేనంతా ఎండిపోతే పచ్చగా ఉన్నవి అవే కదా, నేరుగా అక్కడికే వచ్చాయి. చుట్టూ ముళ్లకంప వేయాలని నాకు తోచలేదు. అత్తకూ తోచలేదు, లేదా అప్పటికే ఆశ వదిలేసిందేమో.

అక్టోబర్ 24

అరుప్పుకోట్టైలో పత్తి కొనే కాళియప్పన్‌కు విత్తనం కోసం ఫోన్ చేశాను. ఆ రకమా, దాన్ని చూసి పదేళ్లయింది టీచరమ్మా, ఇంకెక్కడా అడక్కండి అన్నాడు.

అత్త నన్ను తిట్టనే లేదు. తిట్టవే అన్నాను. నీకు తెలీక చేసినావా, పోనీ అంది. తెలిసే చేశాను అత్తా, తెలిసీ చేశాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అన్న మక్క విత్తనం సంచులు తెచ్చి పత్తి కుండ ఉండే మూలలో పెట్టాడు.

నవంబర్ 2

తెల్లవారుజాము నుంచి ఎడతెగని వాన. మిద్దె మీదికి పోయాను. గాలిమరలు ఈశాన్యానికి. చెవులు చల్లబడ్డాయి.

దిగి వచ్చేసరికి అత్త చూరునీళ్ల కింద కుండ కడుగుతోంది. లోపలా బయటా కడిగింది. గోడవారగా బోర్లించి, చేతులు తుడుచుకుని, కాపీ తాగుతావా బృందా అంది.