అద్దాల తొట్టిలో ఉప్పునీళ్లు

సుజాతా,

ఎట్లున్నావు అని రాశాను. ఆ మాట అడిగే వీలు లేదని తెలుసు, అయినా కొట్టేయబుద్ధి కాలేదు. నువ్వు పోయి ఏడు నెలలవుతోంది. ఇంట్లో నేనూ అమ్మా ఉన్నాం. తింటున్నాం, పడుకుంటున్నాం... అంతకు మించి చెప్పే ఓపిక లేదు. కానీ తొట్టి సంగతి నీకు చెప్పాలి. ఇంకెవరికి చెప్పను?

నీకు తెలియని చోటు నుంచి మొదలుపెడతాను. ఆ రోజు మగవాళ్లమంతా నిన్ను తీసుకుని వెళ్లాక, ఆడవాళ్లు ఇల్లు కడిగారు. మన దగ్గర పద్ధతి నీకు తెలిసిందే కదా. పోయిన మనిషి గడప దాటాక ఇంట్లో నిలవ ఉన్న నీళ్లు ఉంచరు. బిందెలు, బకెట్లు, కూలర్లో అడుగున మిగిలినవి... అన్నీ పారబోశారు. వాటితో పాటు నీ చేపల తొట్టిలో నీళ్లు కూడా.

నేను తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టేసరికి తొట్టి ఖాళీగా ఉంది. అడుగున తడి ఇసుక. నువ్వు తెచ్చిన రాళ్లు కూడా లేవు. అమ్మే చెంబుతో ముంచి ముంచి పోసిందని కందుకూరు పెద్దక్క చెప్పింది.

ఆ తర్వాత అమ్మతో మాటలు తగ్గిపోయాయి. పెడితే తిన్నాను, పిలిస్తే పలికాను. లోపల మాత్రం మండుతూనే ఉంది. ఎన్నాళ్లు కాచుకున్నావు నువ్వు ఆ నీళ్ల కోసం... అమ్మకు ఆ మాత్రం తెలియదా?

ఇదంతా మొదలైన రోజు గుర్తుందా? ఎయిర్‌పోర్ట్ కార్గోలో పెట్టెలు సర్ది వచ్చావు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టావు. చెన్నై నుంచి వచ్చిన థర్మాకోల్ పెట్టె ఒకటి కారుతుంటే మూత తీశారట. లోపల సంచుల నిండా నీళ్లు, ఆ నీళ్లలో తెల్ల పట్టీల నారింజ రంగు చేపలు. దుకాణం వాళ్లు వచ్చేదాకా ఆ చినిగిన సంచిని నువ్వే ఎత్తి పట్టుకున్నావట. ముఖం మీద చిందిన నీళ్లు ఉప్పగా తగిలాయట.

"సముద్రం మనకాడికి విమానంల వస్తున్నదయ్యా. మనం పోకుంటె ఏమాయె?" అన్నావు.

నేను కిటికీలకు అద్దాలు బిగించేవాణ్ని. అద్దం మన చేతిలో పనే కదా, తొట్టి చెయ్యమన్నావు. ఊరికే అన్నావనుకున్నాను. వారం తిరక్కుండా కొత్తూరులో ఒక షోరూం పనిలో మిగిలిన మందపు అద్దం ఇంటికి మోసుకొచ్చాను. నిన్ను కాదనడం నాకెప్పుడు చేతనైంది?

అద్దం కోశాను. అంచులు నూరాను. సిలికాన్ పూసి, చుట్టూ టేపులు బిగించి ఆరబెట్టాను. ముట్టుకోవద్దంటే వినకుండా, ఆరిందో లేదో అని వేలితో నొక్కేదానివి. మొదటిసారి మామూలు నీళ్లు నింపి చూస్తే ఒక మూల నుంచి చెమ్మ దిగింది. సరిగ్గా నువ్వు నొక్కిన మూలే. నేను విసుక్కుంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వావు. మళ్లీ బ్లేడుతో గీకి, మళ్లీ అతికించాను.

చదరపు గొట్టాలతో స్టాండు వెల్డింగ్ చేసి, రసమట్టం పెట్టి ఎటూ ఒరగకుండా సరిచూశాను. తొట్టి కింద మెత్తగా ఉండాలని కార్గోలో పారేసిన థర్మాకోల్ మూతలు నువ్వే ఏరుకొచ్చావు. కింద ఇంకో చిన్న తొట్టి. పై నీళ్లు గొట్టంలోంచి అందులోకి దిగుతాయి, మోటారు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. మురికిని నురగగా తీసే గొట్టాన్ని కూడా పీవీసీ పైపుతో నేనే చేశాను. అది హుక్కా తాగే ముసలాయనలా గురగురమనేది.

ఉప్పు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది... బోరు నీళ్లలో వంటింటి కల్లుప్పు వేసి, చారు చూసినట్టు అరచేతిలో పోసుకుని చప్పరించి, సరిపోయిందన్నావు. నేనూ చప్పరించి తలూపాను. పాతబస్తీలో చేపల దుకాణం ఆయనకు చెబితే గల్లా పెట్టె మీద తలపెట్టి నవ్వాడు. ఈ చేపలకు సముద్రపు ఉప్పు వేరే ఉంటుందని, ఫిల్టర్ నీళ్లలోనే కలపాలని, ఉప్పు ఎంతుందో చూసే పరికరం ఇదీ అని ఓపికగా చూపించాడు.

ఆ రాళ్లు కూడా ఆయన దగ్గరివే. ఎన్నో ఏళ్లు ఉప్పునీళ్లలో నానిన, నిండా బొరియలున్న రాళ్లు. తడి కాగితాల్లో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చావు. చేపల మురికి నీళ్లలో విషమవుతుందట. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఆ రాళ్లలో ఉంటాయట. అవి పెరిగేదాకా చేపను వెయ్యకూడదు. నాకేమో తొందర. రోజూ నిన్ను సతాయించేవాణ్ని.

"జర ఆగు. నీళ్లను తొందరపెడితె వింటయా? పండనియ్యి," అనేదానివి.

నీళ్లు పండేలోపే నీకు జ్వరం వచ్చింది. దవాఖానకు నడిచి వెళ్లినదానివి...

అది రాయలేను.

నువ్వు పోయాక రెండు నెలలకో ఏమో, తొట్టి విప్పేద్దామనుకున్నాను. ఖాళీ అద్దాలను చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. పెద్దక్క కూడా ఫోన్ చేసినప్పుడల్లా తీసెయ్యమనేది. ఒక పొద్దున బ్లేడు తీసుకుని, నువ్వు నొక్కిన ఆ మూల సిలికాన్ మీదే పెట్టాను. కొయ్యలేక బ్లేడు పక్కన పెట్టేశాను. ముఖం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లాను.

బాత్‌రూం వెనక అమ్మ చతికిలబడి ఉంది. ముందు బట్టలు నానబెట్టే నీలం టబ్బు. పక్కన తీసిపెట్టిన తడి గోనెసంచి. టబ్బులో చెయ్యి పెట్టి నీళ్లను మెల్లగా కదుపుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడి సంచి కప్పబోయింది.

నీ రాళ్లు, సుజాతా.

ఆ రోజు నీళ్లు పారబోసింది అమ్మే. కానీ రాళ్లు పారెయ్యలేదు. ముందే వాటిని తీసి టబ్బులో పెట్టి, తొట్టిలో నీళ్లు కొన్ని అందులో పోసి, పెద్దక్క కంటపడకుండా గోనెసంచి కప్పి దాచింది. ఆ ఇంట్లో, ఆ రోజు, చుట్టాలందరి మధ్యా. పద్ధతి తప్పితే ఊరుకునే మనిషి కాదు కదా మా అమ్మ? కుండలో చుక్క నీళ్లు మిగిల్చినా నీ ప్రాణం ఇల్లు వదలదని నమ్మే మనిషి. అయినా టబ్బెడు నీళ్లు మిగిల్చింది.

ఎందుకని అడిగితే నీ మాటలే నాకు అప్పజెప్పింది. "అత్తమ్మా, ఇవి ఉత్త రాళ్లు గావు. పానమున్నది. ఎండనియ్యొద్దు, కదపకుంటె చస్తయి," అన్నావట. ఇంకోటి కూడా చెప్పావట. "తగ్గితె మంచినీళ్లే పొయ్యాలె, ఉప్పు ఎయ్యొద్దు. నీళ్లు ఎగిరిపోతయి గని ఉప్పు యాడికి పోదు." అమ్మ టబ్బు లోపల సున్నంతో గీత గీసుకుని, రోజూ ఆ గీత దాకా ఫిల్టర్ నీళ్లు పోస్తూ వచ్చింది. నాకు చెప్పలేదు. నేను చెప్పనిచ్చేలా ఉన్నానా?

టబ్బు దగ్గరే కూర్చుని ఏడ్చాను. అమ్మ తడి చేత్తోనే నా తల నిమిరింది.

దుకాణం ఆయనకు ఫోన్ చేస్తే, రాళ్లను వాసన చూడమన్నాడు. కుళ్లిన వాసన లేదన్నాను. అయితే సూక్ష్మజీవులు అన్నీ చావలేదు, పండేది ముఖ్యంగా రాళ్లలోనే, నీళ్లదేముంది మళ్లీ కలుపుకోవచ్చన్నాడు. తేలిగ్గానే అన్నాడు. ఫిల్టర్ క్యాన్లు మోసి, డ్రమ్ములో ఉప్పు కలిపి, తిప్పి, కొలిచి, తొట్టి నింపేసరికి నా నడుం విరిగింది. నువ్వు ఇదంతా డ్యూటీ చేసొచ్చి ఎట్లా చేశావు?

ఎండాకాలంలో నీళ్లు వేడెక్కకుండా పైన ఫ్యాను పెట్టాను. ఫ్యానుకు నీళ్లు ఇంకా త్వరగా తగ్గేవి. పోస్తూనే ఉండాలి. ఉప్పు పేరుకుని స్టాండుకు తుప్పు పట్టింది, గీకి రంగు వేశాను. కరెంటు పోతే మోటారు ఆగుతుందని ఇన్వర్టరుకు కలిపాను. అలసిపోయాను, సుజాతా. కొన్ని రోజులు తొట్టి వైపు చూడను కూడా చూడలేదు. అలాంటప్పుడు అమ్మే చెంబు పట్టుకుని వెళ్లేది. అదే చెంబు.

నిన్న నీళ్లు పరీక్ష చేశాను. విషం లేదు. ఇవాళా చేశాను. లేదు. నారింజ చేపలు రెండు రేపటి విమానంలో వస్తున్నాయట. కార్గోలో నీతో పనిచేసిన వాళ్లు పెట్టెను జాగ్రత్తగా దించుతామన్నారు. తొట్టిలోకి అమ్మే వదులుతుంది. తాను పారబోసిన చోట తానే వదలాలని నేనే అడిగాను. వద్దు వద్దంటూనే, ఏ చీర కట్టుకోవాలని పెద్దక్కను అడిగింది.

ఒక మాట మాత్రం అమ్మకు కూడా చెప్పలేదు. తొట్టి నింపిన రోజు, టబ్బులో ఉన్న ఆ పాత నీళ్లు కూడా అందులోనే పోశాను. దుకాణం ఆయన పారబోయమన్నాడు. నేను వినలేదు. నువ్వు నీ చేత్తో కలిపిన ఉప్పు అది.

ఇకముందు అప్పుడప్పుడు కొన్ని నీళ్లు తీసి కొత్తవి పొయ్యాలట. తీస్తాను, కానీ సగానికి మించి ఎప్పుడూ తియ్యను. ఎన్నిసార్లు మార్చినా అంతో ఇంతో మిగులుతుంది కదా? తగ్గినప్పుడల్లా మంచినీళ్లే పోస్తాను. ఇది నా మాట.

అమ్మ అన్నానికి పిలుస్తోంది. వెళ్తున్నాను.

నీ మల్లేశ్