బట్ట ఆరేదాకా ఆగిన బొమ్మ

మంగళవారం రాత్రి, రాజపాళయం లాడ్జి

ఈరోజు తప్పు బొమ్మ వేసి కూడా గెలిచాను!

పొద్దున టౌన్ బస్సెక్కి సత్రపట్టి వెళ్లాను. గాయాలకు కట్టే పల్చటి తెల్లబట్టను తాళ్ల మీద బారులుగా ఆరేస్తున్నారు. గట్టు మీద కూర్చుని వాటర్ కలర్‌తో వేశాను. బట్ట ఉన్నచోట రంగు ముట్టించకుండా కాగితాన్నే తెల్లగా వదిలేశాను. బాగా కుదిరిందని మురిసిపోతుంటే, అక్కడ బట్టలారేసే రంగమ్మక్క వచ్చి నా భుజం మీదుగా చూసింది.

"తప్పు వేసినావు పాపా. తడిబట్ట ఇట్ల బిగువుగా ఉంటాదా? బరువుకు తాడు దిగుతాది, చూడు."

నిజమే. తాళ్లన్నీ మధ్యలో కుంగి ఉన్నాయి. నా బొమ్మలో స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఈ రంగు చెరిపితే పోయేది కాదు. పేజీ చింపబోయాను.

"చింపొద్దు. వెయిలు బాగా కాస్తా ఉండాది. కొంచెం సేపు కూర్చో, అదే సరిపోతాది," అని ఎండను చూపిస్తూ మజ్జిగ పోసి ఇచ్చింది.

మజ్జిగ తాగి, కబుర్లు చెప్పుకునేలోగా బట్ట ఆరి గాలికి ఎగరసాగింది. తాళ్లు మెల్లగా పైకి లేచి, అచ్చం నా బొమ్మలోలాగే నిలిచాయి. రంగమ్మక్క మిగతా ఆడవాళ్లను కేకేసింది.

"రండే, చూడండి! పాప ముందే వేసిపెట్టినాది!"

దారి పొడుగునా నవ్వుకుంటూనే వచ్చాను. ఇప్పుడు బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే, నిన్న గీసిన కొండ మీద అనుమానం వస్తోంది. దాన్నీ సరిగ్గా చూడకుండానే గీశానేమో. ఆ కొండ నా బొమ్మలా మారాలంటే దాని ముందు ఎంతసేపు కూర్చోవాలో...