పలకని ఎమ్యులేటర్

అక్టోబర్ 28, 1996. సోమవారం. బెల్లంపల్లి.

దసరా సెలవులు అయిపోయాయి. మా కాలేజీ ల్యాబ్ తెరిచాం. ఎమ్యులేటర్ పలకడం లేదు.

సెలవుల ముందు ఇదే యంత్రం, ఇదే కంప్యూటర్ బాగానే మాట్లాడుకున్నాయి. ఇప్పుడు తెరమీద ఒకటే వాక్యం — బోర్డు నుంచి జవాబు లేదు. శనివారం జీపు వచ్చి దీన్ని హైదరాబాద్ కాలేజీకి తీసుకుపోతుంది. అరువు తెచ్చిన వస్తువు.

అక్టోబర్ 29

రాజేశం అన్నం ముట్టలేదు. ప్రాజెక్టు మా ఇద్దరిదీ, మగ్గం మాత్రం వాళ్ల బాపు నడిపేది, సిరిసిల్లలో. నూలు తెగినా పవర్‌లూమ్ ఆగదు. బట్ట పాడవుతుంది, కూలిలో కోస్తారు. తెగగానే ఆపే బోర్డు మేం చేశాం. నూలు తెగకపోయినా అది ఆపుతోంది. ప్రోగ్రాంలో తప్పెక్కడో తెలియాలంటే ఎమ్యులేటరే దిక్కు. బోర్డులో చిప్పు తీసి ఆ చోట దీని ప్లగ్గు గుచ్చితే, ప్రోగ్రాంను ఒక్కో అడుగు దగ్గర నిలబెట్టి చూడొచ్చు.

కేబుల్ మార్చాం. అదే వాక్యం.

అక్టోబర్ 30

మా లెక్చరర్ సుజాత మేడం వచ్చారు. మేం నాలుగు చోట్ల ఒకేసారి వేళ్లు పెట్టామని చూడగానే పట్టేశారు. "ఒక్కటే మార్చుండ్రి. చూడుండ్రి. కాకుంటే మళ్ల ఎన్కటి లెక్కనే పెట్టుండ్రి. అన్ని కలిపి గెలికితే, బాగైనా ఎట్లయిందో ఎర్కుండదు."

ఇంత చిన్న మాటలో ఇంత చదువు...

మాట్లాడుకునే ముందు రెండు యంత్రాలు 'హ్యాండ్‌షేక్' చేసుకోవాలట. కరచాలనం అని రాసి చూశాను. బాగుంది, కాస్త బరువు. మా కంప్యూటర్ చెయ్యి చాపే ఉంది. అటునుంచి చెయ్యి రావడం లేదు.

అక్టోబర్ 31

వేగం సరే. కరెంటు సరే. బోర్డుకు లయ ఇచ్చే క్రిస్టల్ మార్చినా అంతే.

నవంబర్ 1, శుక్రవారం

మేడం ప్లగ్గు పీకించి, భూతద్దం పెట్టి చూశారు. పిన్నుల మీద పసుపు, ఎరుపు. ఎండి పెచ్చు కట్టింది.

సెలవుల ముందు ల్యాబ్‌లో ఆయుధ పూజ చేశాం. అందరం తలా ఒక పెట్టెకు బొట్టు పెట్టాం. ఎవరు దేనికి పెట్టారో ఎవరికి గుర్తు? రాజేశం ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"నేనే మేడం. మా ఇంట్ల నాడెకు పెడ్తం. మగ్గంల నూలు మోసేది గదే గదా. గట్లనే దీంట్ల పనిచేసేటియి పిన్నులని..."

"ఎంత పెట్టినవ్ రా?"

"గంధంల కలిపి... జర ఎక్కువనే."

మేడం నవ్వారు. "దేవుడు మెచ్చిండు గని, కరెంటు మెచ్చలే."

అంతే. స్పిరిట్ సీసా, పాత టూత్‌బ్రష్ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నారు. రాజేశం ఒక్కో పిన్నూ తోమాడు, పసిపిల్లకు పళ్లు తోమినట్టు. నేనైతే తప్పు ఒప్పుకునేవాణ్నా? తెలియదు.

సాయంత్రం తెరమీద వాక్యం మారింది. బోర్డు పలికింది. రాజేశం ఆ వాక్యాన్ని బయటికి చదువుతుండగానే ఊళ్లో కరెంటు పోయింది. మళ్లీ రాలేదు.

నవంబర్ 2, శనివారం. ల్యాబ్‌లోనే.

కరెంటు ఉంది. జీపు కూడా వచ్చింది.

రాజేశం తెర ముందు. ఒక మీట — ఒక అడుగు. దారాన్ని వేలితో కాస్త అదిలిస్తే చాలు, తెగిందనుకుంటోంది ప్రోగ్రాం. అంతవరకు దొరికింది. ఏ అడుగులో అనుకుంటోందో దొరకలేదు.

గుమ్మంలో మేడం. "అంత దూరం కెల్లి వచ్చినవ్ అన్నా, చాయ్ తాగకుంటనే పోతవా?"

డ్రైవర్ తాగాడు. "అయిందా మేడం? చీకటి వడకముందే చేరాలె."

"అయితుంది. మా దగ్గర ఉప్మా మంచిగ చేస్తరు. తిని చెప్పు."

యంత్రంతో ఎంత ఓపికో, మనిషితోనూ అంతే.

"గిక్కడనే ఉన్నదిరా," అంటున్నాడు రాజేశం. "గిక్కడనే యాడనో ఉన్నది. ఇంకొక్క అడుగు."

పోయిన అడుక్కీ అదే అన్నాడు. డ్రైవర్ ప్లేటు పక్కన పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు...